తార్నాకలో పది అంతస్తుల బ్యానర్

ఈ ప్రయాణానికి మూలకారణం ఒక మూడంతస్తుల మేడ. మా క్యాంపస్‌లో అమ్మాయిల హాస్టల్ పక్కన ఉంటుంది. పాతది, పెచ్చులూడినది, ఎవరూ ఫొటో తీయనిది. బంద్ రోజున సాయంత్రం నాలుగు గంటలకు దాని ముందు సభ పెట్టాలనీ, డాబా మీద నుంచి నేల దాకా వేలాడేలా ఒక బ్యానర్ కట్టాలనీ విద్యార్థుల కమిటీ తీర్మానించింది. తెలంగాణ ఉద్యమం మంచి ఊపులో ఉన్న రోజులు. సభలకు కొదవ లేదు, బ్యానర్లకు కొదవ లేదు, మాట్లాడేవాళ్లకు అసలే లేదు. అందుకని మా దగ్గర ఒక ఆనవాయితీ ఏర్పడింది. బ్యానర్ ఎవరు కడితే మైకు ముందు వాళ్ల చేతికి వస్తుంది. ఇంతవరకూ బ్యానర్లన్నీ అబ్బాయిలే కట్టారు కాబట్టి మైకు కూడా వాళ్ల చేతుల్లోనే పెరిగి పెద్దదయింది. అమ్మాయిల వంతు వచ్చేసరికి చీకటి పడేది, లేదా కరెంటు పోయేది, లేదా రెండూ జరిగేవి.

ఈసారి బ్యానర్ మేం కడతాం అని లేచి నిలబడింది స్వరూప. నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చి ఎం.ఏ. చదువుతున్న నా స్నేహితురాలు. ఏం మాట్లాడాలో వారం రోజులుగా హాస్టల్ బాత్రూములో గొంతెత్తి సాధన చేస్తోంది. బకెట్లన్నీ చైతన్యవంతమయ్యాయని వినికిడి. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్. ఉండేది రామంతాపూర్‌లో. నాన్న గుంటూరు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇంట్లో ఉద్యమం మాట ఎత్తితే నాన్న టీవీ సౌండు పెంచుతారు, అమ్మ కుక్కర్ పెడుతుంది. స్వరూప మాత్రం ఆ తేడాలేమీ పట్టించుకోకుండా నాకో పని అప్పగించింది. బంద్ రోజు పొద్దున్నే తార్నాకలో దర్జీ దగ్గర బ్యానర్ తీసుకుని క్యాంపస్‌కి చేర్చాలి. ఇదే నా యాత్ర. పాస్‌పోర్టు అవసరం లేదు.

ఏడున్నరకు బయలుదేరాను. మామూలు రోజుల్లో రామంతాపూర్ నుంచి హబ్సిగూడకు షేర్ ఆటోలో పది రూపాయలు. బంద్ రోజున ఖర్చు సున్నా, ఎందుకంటే ఆటోయే ఉండదు. లోపలి గల్లీల్లో నడుస్తూ హబ్సిగూడలో మెయిన్ రోడ్డు మీద తేలాను. రోజూ హారన్లతో చెవులు చిల్లులు పొడిచే ఆ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా కడిగిన పళ్లెంలా ఉంది. డివైడర్ మీద ఒక కుక్క నాలుగు కాళ్లూ చాపి పడుకుని, ఇంతకాలం ఈ స్థలాన్ని మీరెందుకు పాడుచేశారన్నట్టు చూసింది. రోడ్డు మధ్యలో నడిచాను. మీరూ ఎప్పుడైనా నడిచి చూడండి. ఊరు మీదే అనిపిస్తుంది. తార్నాక దాకా అరగంట పట్టింది.

దారిలో ఒకే ఒక టిఫిన్ సెంటర్ సగం షట్టర్ దించి లోపల ఇడ్లీ పెడుతోంది. యజమానురాలు మణెమ్మ. నడుముకు కొంగు బిగించి నలుగురి పని ఒక్కతే చేస్తుంది. "బంద్ గదా అక్కా, తెరిచినవేంది?" అని ఎవరో కొంటెగా అడిగితే, "బంద్ చేసేటోళ్లు తినొద్దా? మీ నినాదాలకు ఇంధనం యాడికెల్లి వస్తది?" అంది. ప్లేటు పదిహేను రూపాయలు, పల్లీ చట్నీ ఎంతైనా. అంతకన్నా గట్టి రాజకీయ విశ్లేషణ ఆ రోజంతా నేను వినలేదు.

దర్జీ యాదగిరి దుకాణం మెయిన్ రోడ్డు వెనక సందులో ఉంది. స్వరూప ఆయనకు ఫోన్లో చెప్పింది ఇంతే: తెల్ల బట్ట, ముప్ఫై పొడుగు, 'జై తెలంగాణ' అని ఎర్ర రంగులో, అక్షరాలు ఒకదాని కింద ఒకటి, మొత్తం నిండుగా రావాలి. ఆయన తమ్ముడు సైన్ బోర్డులు రాస్తాడు కాబట్టి రాత కూడా అక్కడే. నేను వెళ్లేసరికి మూట సిద్ధంగా ఉంది. దాన్ని ఎత్తబోయి మళ్లీ కింద పెట్టేశాను. చేతుల్లో పెళ్లి పందిట్లో పరిచే తివాచీ పెట్టినట్టుంది.

"ఇంత బరువేంటి బాబాయ్?"

"గట్టి కాటన్ గదా బిడ్డా. రెండు తాన్లు జోడించిన. రాత్రంత మా తమ్ముడు వరండల పరిచి, చుట్టుకుంట పోయి రాసిండు. ముప్ఫై అన్నరు, ముప్ఫై ఉన్నది. ఒక్క ఇంచు తక్కువుంటె నన్నడుగు."

ఆయన సైకిలు ఇచ్చాడు. క్యారియర్ మీద మూట కట్టి, సైకిల్ని తోసుకుంటూ క్యాంపస్‌కి తార్నాక వైపున్న గేటుకు బయలుదేరాను. ఉద్యమానికి నా వంతు సేవ ఆ చక్రాల మీద గంభీరంగా కదులుతోందని నాకు నేనే రెండు మూడుసార్లు చెప్పుకున్నాను. చెమట పట్టినప్పుడు ఇలాంటివి చెప్పుకుంటే కొంత చల్లగా ఉంటుంది.

గేటు దగ్గర ఇనుప ముళ్ల కంచె, దాని ముందు పోలీసులు. సభకు అనుమతి ఉంది, కానీ లోపలికి పోయే ప్రతి బ్యానరూ విప్పి చూడాల్సిందే. స్వరూప హాస్టల్ అమ్మాయిలతో అప్పటికే అక్కడ ఎదురుచూస్తోంది. ఒక మధ్యవయసు కానిస్టేబుల్ లాఠీతో మూటను పొడిచాడు.

"ఏమున్నదమ్మా గిండ్ల?"

"బ్యానర్ సార్."

"ఎంతుంటది?"

"ముప్ఫై," అంది స్వరూప.

"విప్పుండ్రి. ఏం రాసిండ్రో సూడాలె."

ఇద్దరు అమ్మాయిలు ఒక కొస పట్టుకుని గేటు లోపలికి నడిచారు. 'జై' వచ్చింది. ఎర్రగా, మనిషంత ఎత్తు, అద్భుతం. తర్వాత తెల్ల బట్ట వచ్చింది. ఇంకా తెల్ల బట్ట. ఇంకా. అమ్మాయిలు నడుస్తూనే ఉన్నారు. 'తె' వచ్చింది. మళ్లీ తెల్లదనం. బ్యారికేడ్లు దాటారు, సెక్యూరిటీ గది దాటారు, నీళ్ల ట్యాంకరు దాటారు. మూట సగం కూడా తగ్గలేదు. హాస్టల్ అమ్మాయిలు ఒక్కొక్కరే వచ్చి మధ్యలో పట్టుకోసాగారు. ఆఖరి కొస చేతికి వచ్చేసరికి మొదటి కొస పట్టుకున్నవాళ్లు మా కంటికి బొమ్మల్లా ఉన్నారు. పోలీసులు కూడా లాఠీలు చంకలో పెట్టుకుని చూస్తున్నారు. నిజం చెప్తున్నాను, అంత పెద్ద బట్టను నా జీవితంలో చూడలేదు. ఎవరికీ నవ్వు రాలేదు. ముందు భయం లాంటిది వేసింది.

"ముప్ఫై ఏందమ్మా?" అడిగాడు కానిస్టేబుల్, మెల్లగా.

"ముప్ఫై ఫీట్లు సార్," అంది స్వరూప, ఇంకా మెల్లగా.

"ఫీట్లా? మా పికెట్ మొత్తం దాటిపోయింది గదా!"

స్వరూప ఫోన్ తీసి దర్జీని పట్టుకుంది. స్పీకర్లో యాదగిరి గొంతు గేటంతా వినిపించింది. "బట్టను ఎవడన్న ఫీట్ల లెక్క అడుగుతడా బిడ్డా? అంగట్ల మీటరు కట్టె ఉంటది. ఫీటు కట్టె ఏ దుకాణంల సూసినవు?"

"మేడను ఎవరన్న మీటర్ల లెక్క చెప్తరా అన్నా? అంతస్తుకు పది, మూడంతస్తులకు ముప్ఫై. మా ఊర్ల ఇల్లు కట్టినా గంతే, గీడ కట్టినా గంతే!"

ఇద్దరిదీ తప్పు కాదు. అదే ఇందులోని వింత. మన దగ్గర గోడ అడుగుల్లో లేస్తుంది, బట్ట మీటర్లలో చిరుగుతుంది. మా నాన్నకు ఎండ సెల్సియస్‌లో కాస్తుంది, జ్వరం మాత్రం ఫారన్‌హీట్‌లో వస్తుంది. స్థలం గజాల్లో కొని, ఆ స్థలానికి పోయే దూరం కిలోమీటర్లలో చెబుతారు. పెళ్లికొడుకు ఎత్తు అడుగులూ అంగుళాలూ, బరువు కిలోలు. అంతెందుకు, ఇదే బట్టకు పొడవు మీటర్లు, వెడల్పు నలభై ఎనిమిది అంగుళాలు! యూనిట్ రాయకపోతే మార్కులు కోసే చదువు చదువుతున్న నాకు కూడా ఇన్నేళ్లలో ఎక్కడా తేడా కనబడలేదు, ఎందుకంటే ఈ లెక్కలు ఎవరి వీధిలో అవి తిరుగుతూ ఒకదానికొకటి ఎదురుపడవు. మేడకు బట్ట చుట్టాలని ఎవరైనా అనుకున్న రోజునే ఎదురుపడతాయి. ముప్ఫై మీటర్లంటే దాదాపు వంద అడుగులు. పది అంతస్తులు. మా క్యాంపస్‌లో పది అంతస్తుల భవనం లేదు.

కబురు అందుకుని కమిటీ తరఫున రాజేందర్ వచ్చాడు. మైకు కట్టిన ఆటో అతని అధీనంలో ఉంటుంది. బట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి వచ్చి, ఊపిరి తీసుకుని అడిగాడు.

"ఏందక్కా గిది, బ్యానరా? హబ్సిగూడకు కొత్త రోడ్డేస్తున్నరా?"

"కొలతల తేడా వచ్చింది," అంది స్వరూప.

"కోసెయ్యిండ్రి. మేడకు సరిపోయేంత ఉంచి మిగిలింది కోసెయ్యిండ్రి."

"కోస్తే 'జై తె' దగ్గర ఆగుతది. జై తె అని ఊరేగుదామా?"

"మడతలు పెట్టుండ్రి."

"మడతల్ల అక్షరాలు పోతయి."

"అయితే ఏం చేస్తమక్కా, నాలుగైతే సభ. బ్యానర్ కట్టకపోతే మైకు సంగతి నీకు తెలుసు గదా." అతని గొంతులో ద్వేషం లేదు. అంతకన్నా చెడ్డది, జాలి ఉంది. "పోనీ, నీళ్ల పాకెట్లు మీరు సూసుకోండ్రి. గది కూడ పెద్ద పనే."

స్వరూప మొహం చూసి నేను పక్కకు తిరిగాను. వారం రోజులు బకెట్లకు చెప్పిన మాటలన్నీ ఇక బకెట్లకే మిగిలేలా ఉన్నాయి. కాసేపు బట్ట అంచును వేళ్లతో నలుపుతూ నిలబడింది. తర్వాత రోడ్డు వైపు చూసింది. గేటు నుంచి తార్నాక చౌరస్తా దాకా ఖాళీగా, తిన్నగా, బంద్ కడిగి పెట్టిన రోడ్డు.

"పది అంతస్తులది నిలబెట్టేతందుకు మేడ లేదు," అంది. "పండబెట్టేతందుకు జాగ ఉన్నది. మోసుకపోదాం."

హాస్టల్ అమ్మాయిలు పట్టుకుంటే బట్టలో పావు భాగం కూడా లేవలేదు. మిగిలింది నేల మీద ఈడ్చుకుపోతోంది. మధ్యాహ్నమంతా స్వరూప తార్నాక గల్లీల్లో తిరిగింది, నేను వెంట తిరిగాను. ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు. "అక్కా, ఒక బట్ట పట్టాలె, వస్తవా?" అని మాత్రం అడిగింది. చిత్రంగా ఆ ప్రశ్నకు కాదనేవాళ్లు తక్కువ. మెస్ వంటవాళ్లు వచ్చారు. బంద్ వల్ల పని లేని ఆటో డ్రైవర్లు వచ్చారు. మణెమ్మ రుబ్బుతున్న పిండి వదిలేసి వచ్చింది.

"చేతికి పిండి ఉన్నది పిల్లా, బట్టకు అంటితే?"

"అంటనియ్యక్కా."

ఒక అపార్ట్‌మెంట్ ముందు, మా అమ్మ వయసున్న ఒకావిడ బాల్కనీలోంచి అచ్చమైన మా గుంటూరు యాసలో, "ఏమ్మా, దేనికి పట్టాలీ?" అని అడిగింది. నేను కొంచెం జంకాను. ఏమని చెప్పాలో తెలియక, "కొలత తప్పిందండీ, బట్ట బాగా పెద్దదైపోయింది, కింద పడిపోతోంది," అన్నాను. "అయ్యో, మాసిపోతుంది కదా తెల్ల బట్ట," అంటూ ఆవిడ చెప్పులేసుకుని దిగి వచ్చింది. ఆవిడ రాజకీయాలేమిటో నేను ఇప్పటికీ అడగలేదు.

నాలుగు గంటలకు బట్ట నేలను వదిలింది. రెండు వైపులా జనం, తలల మీదుగా చేతులు, వాటి మీద ఆ తెల్లటి పొడవు. ఐదడుగుల మనిషిని కాబట్టి నా చేతులు బట్టను అందుకోవడం లేదు. నాకు ఫోనిచ్చి ఫ్లైఓవర్ మీదకు పంపారు, పైనుంచి కుడి ఎడమలు చెప్పమని. తార్నాక ఫ్లైఓవర్ చౌరస్తా మీదుగా పోతుంది. క్యాంపస్ నుంచి వచ్చే రోడ్డు దాని కిందకే చేరుతుంది. వాహనం ఒక్కటీ లేని ఫ్లైఓవర్ ఎక్కి పిట్టగోడ మీంచి వంగి చూశాను. ఊరేగింపు నా వైపే వస్తోంది. ముందు కొసన స్వరూప, ఆమె వెనకే ఎర్రటి 'జై'. తలకిందులుగా.

అవును మరి. పైనుంచి ఎదురుగా చూసేవాడికి పై అక్షరం దూరంగా ఉండాలి, కింది అక్షరం దగ్గరగా రావాలి. 'జై' వెనక ఉండాలి, 'ణ' ముందు నడవాలి. ఫోన్ చేస్తే స్వరూప ఎత్తలేదు, రెండు చేతులూ బట్ట కింద ఉన్నాయి. ఇక మిగిలింది నా గొంతు. బలమంతా కూడగట్టి అరిచాను.

"జై వెనక్కి! జై వెనక్కి!"

అరిచాక తెలిసింది నేనేం అరిచానో. బంద్ రోజున, తార్నాక నడిబొడ్డున, కోస్తా యాసలో. కింద తలలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. రాజేందర్ మైకు ఆటో దిగి, ఇద్దరిని వెంటేసుకుని మెట్ల దారిన పరుగున వచ్చాడు.

"ఏందీ, జై ఎనక్కా? ఎవరు నువ్వు? యాడికెల్లి వచ్చినవు?"

"రామంతాపూర్ నుంచండీ. అన్నా, దయచేసి ఒక్కసారి కిందకి చూడు. తలకిందులుగా ఉంది."

అతను కోపంగానే చూశాడు. తల ఒక పక్కకు వంచి, మళ్లీ ఇంకో పక్కకు వంచి చూశాడు. తర్వాత నాకంటే రెట్టింపు గొంతుతో తనే అరిచాడు. "జై ఎనక్కి తిప్పుండ్రి! ణ ముందుకు రానియ్యుండ్రి!"

కింద స్వరూపకు అర్థమైంది. ఆ తర్వాత జరిగినదాన్ని సరిగ్గా చెప్పడం నాకు చేతకాదు, కానీ ప్రయత్నిస్తాను. బస్సు యూటర్న్ తీసుకున్నట్టు ముందు కొస మెల్లగా మలుపు తిరిగి క్యాంపస్ వైపు నడవసాగింది. దాని వెనకే మిగతా బట్టంతా వంపు తిరుగుతూ పారింది. ఎవరూ లెక్క పెట్టలేదు, ఎవరూ ఈల వేయలేదు. మలుపు లోపలివైపు ఉన్నవాళ్లు చిన్నగా అడుగులు వేశారు, బయటివాళ్లు దాదాపు పరుగెత్తారు. ముడతలు పడ్డచోట ఎవరో ఒకరి చేయి లేచి సర్దింది. బట్ట ఒక్కచోట కూడా నేలకు తగల్లేదు. మొత్తం తిరిగాక, పట్టుకున్నవాళ్లందరూ ఉన్నచోటే వెనక్కి తిరిగి ఫ్లైఓవర్ వైపు మొహం పెట్టారు. అప్పుడు కనిపించింది. అంత దూరాన 'జై'. ఇవతల 'తె'. ఇంకా ఇవతల 'లం', 'గా'. మా కాళ్ల కింద 'ణ'. సాయంత్రపు ఎండ పక్కనుంచి పడి తెల్ల బట్ట మెరుస్తోంది. మా క్యాంపస్‌లో లేని పది అంతస్తుల మేడ రోడ్డు మీద వెల్లకిలా పడుకుని, వందల కాళ్లతో మా వైపు నడిచి వస్తోంది. హాస్యం నా వృత్తి అనుకునేదాన్ని. ఆ క్షణంలో నా దగ్గర ఒక్క జోకు లేదు. పక్కన రాజేందర్ పిట్టగోడను రెండు చేతులా పట్టుకుని చూస్తుండిపోయాడు.

"కట్టలేదు గదా, మోస్తున్నరు," అన్నాడు, తనలో తనే ఏదో కేసు వాదించుకుంటున్నట్టు. "ఆనవాయితీల మోసుడు లేదు."

"మరి ఏం చేస్తావన్నా?"

అతను మెట్లు దిగాడు. పైనుంచి చూస్తున్నాను. ఆటోలోంచి మైకు తీసి, వైరు చుట్టలు విప్పుకుంటూ, బట్ట అంచు వెంబడే నడిచి వెళ్లాడు. స్వరూప ఇప్పుడు 'జై' దగ్గర, అందరికన్నా వెనక ఉంది. వైరు అంత దూరం రాలేదు. ఆటోను తోసుకుంటూ దగ్గరికి తెచ్చారు. ఆమె చేతులు ఖాళీ లేవు. రాజేందర్ ఆమె నోటి దగ్గర మైకు పట్టుకుని నిలబడ్డాడు.

ఆ ఉపన్యాసంలో మొదటి వాక్యం నాకు కంఠతా వచ్చు. స్వరూప తన ముందున్న ఆ పొడవంతా చూసింది. పిండి చేతుల మణెమ్మను, పరుగులో చెప్పులు జారిపోయిన బాల్కనీ ఆవిడను, పేరు తెలియని అంతమందిని చూసింది. ఆ వాక్యం రాలేదు.

"చేతులు గుంజుతున్నయా?" అని అడిగింది.

"లే...దు!" అని రోడ్డంతా అబద్ధం ఆడింది.

"అయితే ఇంకింత దూరం పోదాం," అంది స్వరూప. బట్ట కదిలింది.

నేను చూసిన ప్రదేశాలు ఎక్కువేమీ కాదు. అరకు, తిరుపతి, ఒకసారి హంపి. వాటి దగ్గర పెద్దవాళ్లు నోరు తెరిచి చూస్తుంటే నేను వేరుశనక్కాయలు తింటూ నిలబడ్డాను. తార్నాకలో మాత్రం నోరు తెరిచాను. ఎవరూ ఉద్దేశించకుండా ఒక వస్తువు ఇంత పెద్దదైపోతే, దాన్ని చిన్నది చేసే ఉపాయాలే మనకు ముందు తోస్తాయి. నాకూ కోయడమే తోచింది. స్వరూపకు మాత్రం దానికి సరిపడా మనుషుల్ని వెతకాలని తోచింది. అలాంటి మనుషులు ఆ గల్లీల్లో అంతమంది ఉంటారని, అడిగితే చాలని, ఆ సాయంత్రం దాకా నాకు తెలియదు. ఇంటికి వచ్చాక నాన్న టీవీ సౌండు తగ్గించి, "ఇవాళ తార్నాకలో ఏదో జరిగిందటగా, ఎంత పెద్దదేమిటి అదీ?" అని అడిగారు. చాలాసేపు చేతులు చాపి చూపించాను. సరిపోలేదు.

ఈ దారిన వచ్చి ఏదైనా కుట్టించుకోదలచినవారికి ఒక్క సలహా. దర్జీకి అంకె చెప్పకండి. కట్టాల్సిన చోట పై నుంచి కిందకు ఒక పురికొస వదిలి, నేల తగిలినచోట ముడి వేసి, ఆ పురికొస తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టండి.